ఇంకా తయారు కాని ఆటకి 129 డాలర్లు కట్టొచ్చా?

ప్రశ్న: మేం విజయవాడలో ఉంటాం. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ముగ్గురం బోర్డ్ గేమ్స్ బాగా ఆడతాం. కటాన్, టికెట్ టు రైడ్ ఆడీ ఆడీ అరిగిపోయాయి. ఈ మధ్య ఇన్‌స్టాలో కిక్‌స్టార్టర్ (వస్తువు తయారీకి ముందే జనం దగ్గర డబ్బు సేకరించే వెబ్‌సైటు) ఆటల ప్రకటనలు వరసగా వస్తున్నాయి. ఒకటి బాగా నచ్చింది. పెద్ద పెట్టె, బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి, 129 డాలర్ల ప్లెడ్జ్ (ముందుగా కడతామని ఒప్పుకునే మొత్తం), ఇంకా నాలుగు రోజులే టైముంది. మా ఆవిడేమో ‘ఇంకా తయారే కాని వస్తువుకి డబ్బులు కట్టడమేంటి’ అంటోంది. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, వాడి అడ్రస్ ఇస్తే కస్టమ్స్ గొడవ తప్పుతుందా? అసలు ఇలాంటి కొత్త ఆటల్లో మంచివి వెతుక్కోవడం ఎలా?

సమాధానం: ముందు ఆ నాలుగు రోజుల సంగతి తేల్చేద్దామండీ. వదిలేయండి. ఆట చెత్తదని అనడం లేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, బొమ్మల గురించి ఉంది, పెట్టె సైజు ఉంది, ధర ఉంది, గడువు ఉంది, కానీ మీ వంతు వచ్చినప్పుడు మీరేం చేస్తారో ఒక్క ముక్క కూడా లేదు. ఎంతసేపు పడుతుంది, ముగ్గురితో ఎలా ఉంటుంది, మీ అమ్మాయికి గెలిచే అవకాశం ఉందా, లేక మొదటి అరగంటలోనే తేలిపోయి మిగతా రెండు గంటలూ ఎవరో ఒకరు గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలా, ఇవేవీ లేవు. మీకు నచ్చింది ప్రకటన. ఆ ప్రకటన తయారుచేసినవాళ్లు తమ పని బాగా చేశారు, అంతే.

మీ ఆవిడ అన్నదాంట్లో సగం కాదు, ముప్పావు వంతు నిజం ఉంది. కిక్‌స్టార్టర్ దుకాణం కాదు, ఆ మాట ఆ కంపెనీయే చెబుతుంది. 2009లో మొదలైన ఈ సైటు పద్ధతి మనకి కొత్తేమీ కాదు, మన దగ్గర అపార్ట్‌మెంట్ల ప్రీ లాంచ్ ఆఫర్ లాంటిదే, బ్రోచర్ చూసి డబ్బు కట్టడం, తక్కువ ధరకి దొరికిందని సంబరపడటం, తర్వాత తాళాల కోసం ఎదురుచూడటం. కాకపోతే రెండు తేడాలున్నాయి. ఇంత డబ్బు రావాలని ఆట పెట్టినవాళ్లు పెట్టుకున్న లక్ష్యం మొత్తం గడువులోగా రాకపోతే ఎవరి కార్డు నుంచీ రూపాయి కూడా పోదు, ఇది మంచి సంగతి. లక్ష్యం చేరాక, డబ్బు చేతులు మారాక, మీ పెట్టె మీకు చేర్చే బాధ్యత ఆట పెట్టినవాళ్లదే, వెబ్‌సైటుది కాదు, ఇది అంత మంచి సంగతి కాదు.

అక్కడ మోసం జరగదా అంటే, జరిగింది. 2012లో ‘ది డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ’ అనే ఆట కోసం 1,22,000 డాలర్ల పైచిలుకు వసూలైంది. మరుసటి ఏడాది ప్రాజెక్టు రద్దయిందని ప్రకటించారు. ఆ డబ్బులో చాలా భాగం ఇంటి అద్దెకీ సొంత ఖర్చులకీ పోయిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది, క్రౌడ్‌ఫండింగ్ (ఇలా జనం దగ్గర డబ్బు పోగేయడం) మీద ఆ సంస్థ పెట్టిన మొదటి కేసు అదే, 2015లో సెటిల్ అయింది. చివరికి ఇంకో ప్రచురణ సంస్థ ఆ ఆటని తీసుకుని ముద్రించి, డబ్బు కట్టినవాళ్లకి పెట్టెలు పంపింది కాబట్టి కథ కొంత సుఖాంతం. కానీ ఇలా డబ్బు మింగేసే కేసులు తక్కువండీ, దానికోసం మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. ఎక్కువగా జరిగేది వేరు: ఆట వస్తుంది, ఏడాదో ఏడాదిన్నరో ఆలస్యంగా వస్తుంది, వచ్చాక రెండుసార్లు ఆడి అటక మీద పెట్టేస్తారు. మీరు భయపడాల్సింది ఈ రెండో దానికే.

ఆలస్యం అంటే ఎంత? ఫ్రాస్ట్‌హేవెన్ అనే ఆట 2020లో దాదాపు 1.3 కోట్ల డాలర్లు రాబట్టింది, 83 వేల మందికి పైగా డబ్బు కట్టారు. 2021 మార్చికి ఇస్తామన్నారు. జనం చేతికి రావడం 2022 చివర్లో మొదలై మరుసటి ఏడాదిలోకి సాగింది. మధ్యలో కరోనా, కంటైనర్ల అద్దెలు ఆకాశాన్నంటడం అన్నీ ఉన్నాయనుకోండి. అయినా అది అనుభవమున్న సంస్థ, డబ్బు లోటు లేదు, ఆట కూడా గొప్పదే. వాళ్లకే అంత పట్టిందంటే కొత్తగా దిగినవాడు ‘వచ్చే దసరాకి మీ ఇంట్లో’ అని రాస్తే ఆ దసరా ఏ సంవత్సరం దసరానో అడగాలి. బొమ్మల అచ్చులు, నమూనా పెట్టె వచ్చి సరిచూసుకోవడం, చైనా కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడటం, ఓడ ప్రయాణం, గోడౌన్ నుంచి పార్సెళ్లు కట్టడం, వీటిలో ఏ ఒక్కటి జారినా మిగతావన్నీ దానితోపాటే జారతాయి.

ఇక మీరు అసలు అడిగింది, వెతకడం. కొత్త ఆటలు దొరకడం ఈ రోజుల్లో సమస్యే కాదు, ఏ వారం చూసినా డజన్ల కొద్దీ ఉంటాయి. కిక్‌స్టార్టర్ ఉంది, పోలండ్‌ వాళ్ల గేమ్‌ఫౌండ్ ఉంది, అది ఇప్పుడు తనే సొంతంగా ఇలాంటి ప్రాజెక్టులు నడుపుతోంది, 2022 నుంచి బ్యాకర్‌కిట్ కూడా దిగింది. మూడింటినీ రోజూ తిరగేస్తూ కూర్చుంటే మీకు ఆటలు ఆడే టైమ్ ఉండదు, జేబులో డబ్బూ ఉండదు. నేనైతే ఆ పేజీలకి నేరుగా వెళ్లడం చివరి మెట్టుగా పెట్టుకోమంటాను. ముందు బోర్డ్‌గేమ్‌గీక్‌కి వెళ్లండి. 2000లో మొదలైన సైటు, చూడటానికి పాతకాలం నాటి గవర్నమెంట్ ఆఫీసులా ఉంటుంది, అయినా ఈ లోకంలో దానికి సాటి లేదు. అక్కడ ప్రతి ఆటకీ ఒక పేజీ ఉంటుంది, ఎంత జటిలమో అయిదుకి ఇంత అని ఒక అంకె ఉంటుంది, అన్నిటికన్నా మీకు పనికొచ్చేది ఏంటంటే ‘ఎంతమందితో ఆడితే బాగుంటుంది’ అని ఆడినవాళ్లు వేసిన ఓట్లు. పెట్టె మీద ‘1 నుంచి 5 మంది’ అని అందరూ అచ్చేస్తారు. ఓట్లు చూస్తే ఇద్దరికి బ్రహ్మాండం, నలుగురికి ఫర్వాలేదు, ముగ్గురికి వద్దు అని తేలే ఆటలు బోలెడు కనిపిస్తాయి. మీ ఇంట్లో ముగ్గురు. ఈ ఒక్క జల్లెడతోనే సగం కోరికలు రాలిపోతాయి.

అయితే ఒక జాగ్రత్త. ఇంకా విడుదల కాని ఆటకి అక్కడ కనిపించే రేటింగ్‌ని అసలు పట్టించుకోకండి. పెట్టె ముఖం చూడకుండానే పదికి పది ఇచ్చే అభిమానులుంటారు, ధర ఎక్కువైందని ఒకటి ఇచ్చే కోపిష్ఠులూ ఉంటారు. వీడియోలూ అంతే. ప్రాజెక్టు పేజీలో కనిపించే వీడియోల్లో చాలావరకు ప్రివ్యూలు, అంటే నమూనా పెట్టె పంపించి, చాలాసార్లు డబ్బు కూడా ఇచ్చి చేయించుకున్నవి. నిజాయితీగా చేసేవాళ్లు ఆ మాట వీడియోలోనే చెబుతారు. అలాంటి వీడియోలో మాటలు పక్కన పెట్టి చేతులు చూడండి: రెండు వంతులు పూర్తిగా ఆడి చూపిస్తున్నారా, లేక బొమ్మల్ని తిప్పి తిప్పి కెమెరా దగ్గర పెడుతున్నారా?

పేజీ దాకా వెళ్లారనుకుందాం. పైనుంచి కిందికి చదవకండి, ఆ వరసని వాళ్లు కట్టింది మీ చేత కొనిపించడానికి. నేరుగా రూల్‌బుక్ లింకు వెతకండి. లేకపోతే అక్కడితో ఆపేయండి, ఏ సాకూ వినొద్దు. ఉంటే దించుకుని, టీ తాగుతూ, ఒక వంతు ఎలా ఆడాలో చెప్పే పేజీ ఒక్కటి చదవండి. చదివాక దాన్ని మీ అమ్మాయికి నోటితో చెప్పి చూడండి. తనకి మధ్యలో ‘అయితే అప్పుడు నేను ఇది చేయొచ్చా నాన్నా’ అనే ప్రశ్న వచ్చిందంటే ఆటలో ఏదో ఉంది. ‘ఊఁ, ఊఁ’ అంటూ ఫోన్ చూసుకుందంటే ఎంత గొప్ప బొమ్మలున్నా అది మీ ఇంటికి రావాల్సిన ఆట కాదు.

తర్వాత ఆట పెట్టినవాళ్ల పేరు మీద నొక్కండి. ఇదివరకు ఎన్ని ప్రాజెక్టులు పెట్టారు, వేరేవాళ్ల ప్రాజెక్టులకి తాము ఎన్నిసార్లు డబ్బు కట్టారు, రెండూ అక్కడే ఉంటాయి. పాత ప్రాజెక్టు ఉంటే దాని కామెంట్లలో తాజా పేజీ చదవండి, ఇది చాలామంది చేయరు. కొత్త ప్రాజెక్టు కింద అందరూ చప్పట్లు కొడుతుంటారు, పాతదాని కింద ‘నా పెట్టె ఇంకా రాలేదు, మీరేమో కొత్త ఆట మొదలెట్టారు’ అని జనం మొత్తుకుంటూ ఉంటారు. కిక్‌స్టార్టర్‌లో కామెంట్ పెట్టగలిగేది డబ్బు కట్టినవాళ్లే కాబట్టి ఆ గోల ఉత్తుత్తి గోల కాదు.

లక్ష్యం అంకె కూడా ఒకసారి చూడండి. ‘పది నిమిషాల్లో ఫండ్ అయింది!’ అని బ్యానర్ పెట్టుకోవాలని కావాలనే చిన్న లక్ష్యం పెడతారు. 10,000 డాలర్లు లక్ష్యం అనుకోండి. ఇలాంటి ఆటలు వేసే ఫ్యాక్టరీలు ఓ వెయ్యి పెట్టెలకి తక్కువైతే మొహం చూడటం కష్టం. వెయ్యి పెట్టెలకి పదివేల డాలర్లంటే పెట్టెకి పది డాలర్లు, అందులోంచి కిక్‌స్టార్టర్‌కి అయిదు శాతం, కార్డు చార్జీలు పైన, బొమ్మలు గీసినవాళ్లకి, ఓడకి, గోడౌన్‌కి. నిండా ప్లాస్టిక్ బొమ్మలున్న పెట్టె ఆ లెక్కలో రాదు. ఆ లోటు ఎక్కడినుంచి పూడుస్తారో పేజీలో రాసి ఉంటే సరే, లేకపోతే అనుమానించాల్సిందే. స్ట్రెచ్ గోల్స్ అని, లక్ష్యం దాటి డబ్బు వచ్చేకొద్దీ వరసగా తెరుచుకునే అదనపు సరుకు ఉంటుంది చూశారూ, దాన్ని గురించి ఎక్కువ చెప్పను, అందులో ఎక్కువభాగం మొదటి నుంచీ ఇవ్వాలనుకున్నదే, ముక్కలు చేసి రోజుకొకటి చూపిస్తారు.

ఇంతకీ మీకు ఏం కొనమంటాను? ఒక పని చేయండి, ముందు చిన్నవాటితో మొదలుపెట్టండి. అమెరికాలో బటన్ షై అని ఒక చిన్న సంస్థ ఉంది, పర్సులో పట్టే కార్డు ఆటలు వేస్తుంది, కిక్‌స్టార్టర్ మీదే పెరిగింది. 2018లో వాళ్లు తెచ్చిన స్ప్రాలోపొలిస్ మొత్తం 18 కార్డులు, అంతే. ప్రతి కార్డు మీదా నాలుగు గడులు ఉంటాయి, ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు, పార్కులు, వాటి మధ్యలోంచి రోడ్లు పోతుంటాయి. అందరూ కలిసి ఒకే ఊరు కట్టాలి. వంతు వచ్చినవాళ్ల చేతిలో మూడు కార్డులుంటాయి, ఒకటి బల్ల మీద పెట్టి మిగతా రెండూ పక్కవాళ్లకి ఇచ్చేస్తారు. కార్డుని ఉన్నవాటి పక్కన పెట్టొచ్చు, కొంత భాగం కప్పేస్తూ కూడా పెట్టొచ్చు, అక్కడే మజా అంతా. ఒక్కో రకం గడుల్లో అన్నిటికన్నా పెద్ద గుంపుకి గడికొక పాయింటు వస్తుంది, చివర్లో ఊళ్లో ఉన్న ప్రతి రోడ్డుకీ ఒక పాయింటు పోతుంది. అంటే పార్కు పక్కన పార్కు పెట్టి మురిసిపోయేలోపు ఎక్కడో తెగిన రోడ్డు ఇంకో రోడ్డుగా మారి ఒక పాయింటు మింగేస్తుంది. వీటికి తోడు ప్రతిసారీ మూడు కార్డులు తిరగేసి పెట్టుకుంటారు, ఈసారి దేనికి అదనంగా పాయింట్లు వస్తాయో అవి చెబుతాయి, వాటి మీదున్న అంకెలు కూడితే వచ్చే స్కోరే మీరు చేరాల్సిన గురి. పావుగంటలో అయిపోతుంది, ఓడితే ముగ్గురూ ఓడతారు కాబట్టి రాత్రి భోజనాల దగ్గర అలకలుండవు.

దీన్ని చెప్పడానికి ఇంకో కారణం ఉంది, ఇది ప్రింట్ అండ్ ప్లేగా కూడా అమ్ముతారు. అంటే ఫైలు కొనుక్కుంటే చాలు, పార్సెల్ లేదు, కస్టమ్స్ లేదు, ఎదురుచూపు లేదు. మీ సందు చివర జిరాక్స్ షాపులో రెండువైపులా కలర్ ప్రింటు తీయించి, కత్తిరించి, ఇంట్లో పడి ఉన్న పాత పేక ముక్కల్ని ప్లాస్టిక్ స్లీవ్‌లలో దూర్చి, వాటి ముందు ఈ కాగితాలు పెట్టారంటే చేతిలో గట్టిగా నిలబడే కార్డులు వచ్చేస్తాయి. ఇదే పద్ధతి పెద్ద ఆటలకీ పనికొస్తుంది. కిక్‌స్టార్టర్‌లో చాలా ప్రాజెక్టులు కొన్ని కార్డుల నమూనా ఫైలు ఉచితంగా పెడతాయి, టోకెన్లు కావాల్సిన చోట చింతపిక్కలో పాత లూడో బిళ్లలో వేసుకుని ఒక ఆదివారం ఆడేయొచ్చు. టేబుల్‌టాప్ సిమ్యులేటర్, టేబుల్‌టోపియా లాంటి, కంప్యూటర్‌లో బోర్డ్ గేమ్స్ ఆడించే వాటిలో నమూనా పెట్టేవాళ్లూ ఉన్నారు, కానీ తొమ్మిదో తరగతి పిల్లతో స్క్రీన్ ముందు కూర్చుని మౌస్‌తో పాచికలు వేయడం నాకు పెద్దగా ఎక్కదు, మీ ఇష్టం.

తర్వాతి మెట్టు, కొత్తది కాకుండా రెండోసారి వచ్చేదాన్ని పట్టుకోండి. గ్లూమ్‌హేవెన్ అనే ఆట 2015లో మొదటిసారి కిక్‌స్టార్టర్‌కి వచ్చినప్పుడు దాదాపు 3,86,000 డాలర్లు వచ్చాయి. రెండో ముద్రణకి 2017లో దాదాపు 40 లక్షల డాలర్లు. రెండోసారి కట్టినవాళ్లకి అప్పటికే ఆడినవాళ్ల మాటలు, తప్పులు దిద్దిన రూల్స్, అన్నీ చేతిలో ఉన్నాయి. మొదటివాళ్ల కన్నా ఆలస్యమైంది తప్ప పోగొట్టుకుందేమీ లేదు. బ్రాస్: బర్మింగ్‌హామ్ 2017లో కిక్‌స్టార్టర్‌లో మొదలైంది, 2023లో బోర్డ్‌గేమ్‌గీక్ జాబితాలో గ్లూమ్‌హేవెన్‌ని దించి మొదటి స్థానానికి ఎక్కింది, ఈ రెండూ ఇప్పుడు మామూలు దుకాణాల్లో దొరుకుతాయి. 2015లో 87 లక్షల డాలర్లు తెచ్చుకున్న ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్ అయితే మన ఊళ్లో పిల్లల పుట్టినరోజు బహుమతిగా కూడా కనిపిస్తోంది. అంటే మంచి ఆట చాలావరకు తిరిగి వస్తుంది. ‘ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు’ అన్నది సాధారణంగా ఆటకి వర్తించదు, ఆ అదనపు బొమ్మల పెట్టెకి మాత్రమే వర్తిస్తుంది. ఆ పెట్టె లేకపోయినా ఆట ఆగదు.

మన దేశం నుంచి వెళ్లినదాన్ని చూడాలనుంటే ‘శాసన్’ ఉంది, ముంబయికి చెందిన మీమెసిస్ కల్చర్ ల్యాబ్ 2019లో కిక్‌స్టార్టర్‌లో పెట్టింది. మీరందరూ రాజకీయ నాయకులు. ఒకళ్లు ప్రశ్న కార్డు చదువుతారు, మీరు అవునో కాదో చెబుతారు, ఆ జవాబు బట్టి డబ్బో, మీడియానో, పలుకుబడో, జనం నమ్మకమో చేతికొస్తుంది, వాటితో ఓటర్లని కొనుక్కుంటారు. విజయవాడలో ఈ ఆటకి రూల్స్ వివరించాల్సిన పని కూడా ఉండదనుకుంటా. కాకపోతే ఒకళ్లనొకళ్లు దెబ్బ కొట్టుకునే ఆట, మీ ఇంట్లో వాతావరణం ఎలా ఉంటుందో మీకే తెలియాలి.

డాలస్ తమ్ముడి అడ్రస్ సంగతి. కస్టమ్స్ తప్పుతుందా అంటే, ఇండియా కస్టమ్స్ తప్పొచ్చు, కానీ అమెరికా కస్టమ్స్ తగులుకుంటుంది. ఈ పెట్టెల్లో ఎక్కువభాగం చైనాలో తయారవుతాయి. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద అమెరికా సుంకం 145 శాతం దాకా వెళ్లినప్పుడు బోర్డ్ గేమ్ కంపెనీలు గిలగిల్లాడిపోయాయి, మే నెలలో తగ్గించారు గానీ, అప్పటినుంచి చాలా ప్రాజెక్టులు అమెరికా అడ్రస్ ఇచ్చినవాళ్లకి విడిగా సుంకం లైను ఒకటి చూపిస్తున్నాయి. అది ఎంతో చూసుకోండి. తర్వాత ఆ పెట్టె ఇండియాకి ఎలా వస్తుంది? కొరియర్‌లో పంపితే రెట్టింపు ఖర్చు. తమ్ముడు వచ్చేటప్పుడు సూట్‌కేసులో తేవాలి. గ్లూమ్‌హేవెన్ లాంటి పెట్టె దాదాపు పది కిలోలు, 23 కిలోల సూట్‌కేసులో పది కిలోలు మీ ఆటకి ఇమ్మని మీ మరదలిని మీరే అడగండి, నన్ను మధ్యలో లాగకండి. చిన్న కార్డు ఆటలకైతే తమ్ముడి అడ్రస్ ఇవ్వడం మంచి ఉపాయమే.

నేరుగా విజయవాడకే తెప్పిస్తే మూడు ఖర్చులు లెక్కేసుకోండి. మొదటిది షిప్పింగ్, అది చాలావరకు ప్లెడ్జ్‌లో ఉండదు, నెలల తర్వాత ప్లెడ్జ్ మేనేజర్ అనే ఫారంలో అడుగుతారు, కొరియర్ వాళ్లు కొలిచేది బరువొక్కటే కాదు, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, పెట్టెలో సగం గాలి ఉన్నా ఆ గాలికి కూడా మీరే కట్టాలి. రెండోది కస్టమ్స్ సుంకం, దాని మీద ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ), ఇవి పెట్టె ధరకి షిప్పింగ్ కలిపిన మొత్తం మీద వేస్తారు. మూడోది కొరియర్ కంపెనీ క్లియరెన్స్ చార్జీ, దానితోపాటు ఆధార్ లాంటి కాగితాలు పంపమని వచ్చే మెయిళ్లు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి చేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి, ప్లాస్టిక్ బొమ్మలు చూసి ఇది ఆటబొమ్మ అని ఆపేసే అవకాశం కూడా ఉంది, పెట్టె మీద 14 ప్లస్ అని ఉంటే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. ఇవన్నీ కలిపితే మీ 129 డాలర్లు ఎక్కడికో వెళ్తాయి. ఇండియాకి పంపుతారా, పన్నులు ముందే కలిపారా అన్నది ప్రాజెక్టు పేజీలో షిప్పింగ్ పట్టికలో ఉంటుంది, లేకపోతే మెసేజ్ పెట్టి అడగండి. రెండు రోజుల్లో జవాబు ఇవ్వనివాళ్లు డబ్బు తీసుకున్నాక ఇస్తారని ఆశపడకండి. హైదరాబాద్, బెంగళూరుల్లో బోర్డ్ గేమ్ కెఫేల చుట్టూ ఉన్న గ్రూపులు కొన్నిసార్లు నాలుగైదు పెట్టెలు కలిపి ఒకే అడ్రస్‌కి తెప్పించుకుంటాయి, షిప్పింగ్ బాగా కలిసొస్తుంది, అలాంటివాళ్లతో పరిచయం పెంచుకోండి, కొనకముందు ఆడి చూసే అవకాశం కూడా అక్కడే దొరుకుతుంది.

ఇదంతా చదివాక కూడా ఆ ఆటే కావాలనిపిస్తే, ఈ రాత్రికి రూల్‌బుక్ చదవండి, అమ్మాయికి చెప్పి చూడండి, నచ్చితే అప్పుడు ప్లెడ్జ్ చేయండి, ప్రాజెక్టు ముగిసేలోపు మానుకోవాలనుకున్నా మానుకోవచ్చు. అన్నిటికన్నా తక్కువ ధర ప్లెడ్జ్ తీసుకోండి, బొమ్మల యాడ్ ఆన్‌లు వద్దు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోండి, మన బ్యాంకు కార్డుల్లో అది ఆఫ్‌లో ఉండటం మామూలు. ప్రాజెక్టు ముగిసిన రోజున డబ్బు తీసుకునేటప్పుడు ఫెయిలైతే కంగారు పడకండి, కిక్‌స్టార్టర్ 7 రోజులు టైమిస్తుంది, మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కి, కార్డు సరిచేసి, ఓటీపీ కొట్టాలి. ఆ మెయిల్ ప్రమోషన్స్ ఫోల్డర్‌లో పడొచ్చు, అక్కడ చూడండి.